సైదాపురం మైకా మీద డీఎన్‌ఏ పోగు: నా పరిశోధన అనుభవం

డీఎన్‌ఏ పోగు మందం రెండు నానోమీటర్లు; నానోమీటరు అంటే మీటరులో వందకోట్లవ వంతు. అంత సన్నని పోగును ఒక పలక మీద పరిచి పొడవు కొలవాలంటే, ఆ పలకలోని ఎగుడుదిగుళ్లు అంతకన్నా చాలా తక్కువగా ఉండాలి. లేకపోతే పోగు ఏదో, పలక గరుకుతనం ఏదో తేల్చుకోవడం కష్టం. చేతికి ఎంతో నునుపుగా తగిలే గాజు స్లైడు కూడా ఈ పనికి అంతగా నప్పదు. అందుకే అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోపుతో, అంటే సూదిమొనతో తడిమి ఎత్తుపల్లాలను బొమ్మగా చూపే పరికరంతో, డీఎన్‌ఏను చూసేవాళ్లు దాని కింద పరచడానికి ఎక్కువగా మస్కొవైట్ అనే రకం మైకానే (అభ్రకాన్నే) వాడతారు. సైదాపురం, రాపూరు వైపు తిరిగినవాళ్లకు మైకా కొత్త వస్తువు కాదు. అక్కడ గనుల దగ్గర పోసిన మట్టిదిబ్బలు ఎండ పడితే తళతళలాడతాయి. నెల్లూరులో ఒక డిగ్రీ కళాశాలలో ఫిజిక్స్ పాఠాలు చెబుతూ పార్ట్‌టైమ్ పీహెచ్‌డీలో చేరినప్పుడు గైడ్ మేడమ్ నా ముందు ఉంచిన ప్రశ్న ఇది: ప్రయోగశాలలకు డబ్బాల్లో వచ్చే తయారీ మైకా బిళ్లలకు బదులు మన జిల్లా మైకాను వాడితే డీఎన్‌ఏ కొలతలో తేడా వస్తుందా?

అది కేవలం ఊరి మీద అభిమానంతో వేసిన ప్రశ్న కాదు. మైకాలో అల్యూమినియం, సిలికాన్, ఆక్సిజన్ పరమాణువులు గట్టిగా అల్లుకుని పొరలుగా ఏర్పడతాయి. ఒక్కో పొర మందం సుమారు ఒక నానోమీటరు. పొరకూ పొరకూ మధ్య పొటాషియం అయాన్లు ఉండి వాటిని కలిపి ఉంచుతాయి. పొర లోపలి బంధాల కన్నా ఈ పొటాషియం పట్టు బలహీనం కాబట్టి, చీల్చినప్పుడు మైకా ఆ వరుస దగ్గరే విడిపోతుంది, విడిపోయిన ముఖం పరమాణువుల స్థాయిలో చదునుగా ఉంటుంది. ఈ నిర్మాణాన్ని లైనస్ పౌలింగ్ 1930లో వివరించారు. అంతకు చాలా ముందే, 1912 చివర్లో, 22 ఏళ్ల లారెన్స్ బ్రాగ్ ఒక పలుచని మైకా రేకు మీదికి ఎక్స్‌కిరణాలను పంపి అవి పరావర్తనం చెందడాన్ని చూపించారు. స్ఫటికాల లోపలి అమరికను ఎక్స్‌కిరణాలతో తెలుసుకునే శాస్త్రానికి అది తొలి అడుగులలో ఒకటి. ఆ పాఠం చెప్పేటప్పుడు తరగతిలో ఒక మైకా రేకు చేతికివ్వకుండా నేను ముందుకు పోను.

నెల్లూరు మైకాలో ఎక్కువ భాగం ఆకుపచ్చ ఛాయతో ఉంటుంది; ఝార్ఖండ్‌లోని కోడెర్మా ప్రాంతపు మైకాది ఎర్రని ఛాయ, దానిని రూబీ మైకా అంటారు. ఆకుపచ్చ ఛాయకు ముఖ్య కారణం స్ఫటికంలో చేరిన ఇనుము. డీఎన్‌ఏ మైకాకు అంటుకోవడం అంతా విద్యుదావేశాల మీద ఆధారపడిన వ్యవహారం కనుక, ఇనుము చేరిన స్ఫటికం ముఖం మీద పోగులు వేరే తీరుగా పడతాయేమో చూడాలన్నదే మా ఉద్దేశం.

మైకా తవ్వకం ఈ ప్రాంతంలో పంతొమ్మిదో శతాబ్దం చివర్లోనే మొదలైంది. రేడియోల కాలంలో కండెన్సర్లకు రేకులు ఇక్కడి నుంచి విదేశాలకు వెళ్లాయి. ఇప్పుడు ఆ వైభవం లేదు, చాలా గనులు మూతపడ్డాయి, గోడౌన్లలో పాత సరుకు కొంత మిగిలింది. నాకు కావలసిన రేకులు సైదాపురం మండలంలోని అలాంటి ఒక గోడౌనులో దొరికాయి. వయసులో ఉన్నప్పుడు రేకులు చీల్చే పని చేసిన ఒక అవ్వ వాటిని ఏరి ఇచ్చింది. రేకును కిటికీ వైపు ఎత్తి పట్టి, కొద్దిగా వంచి, మళ్లీ తిప్పి చూసి, నల్లచుక్కలు ఉన్నవాటినీ లోపల గాలి చేరి వెండిలా తెల్లబారినవాటినీ పక్కన పడేసేది. నల్లచుక్కలు చాలావరకు ఇనుప ఆక్సైడులు. వాటి చుట్టూ పొరలు కాస్త ఉబ్బి ఉంటాయని తరువాత మైక్రోస్కోపులో చూశాను. రేకును నేను చేతులతో విడదీయబోతే ఆమె ఆపింది. "లాగబాక తల్లీ. కత్తి మొనతో మూల తెరువు. గాలి దూరితే అదే ఇడిపోద్ది" అని, రెండు వేళ్ల మధ్య రేకును నిలిపి, కత్తిని ఒక మూలలో గోరంత దూరం మాత్రమే దించింది. అక్కడ మొదలైన తెల్లని చీలిక ఇటు చివరి దాకా నెమ్మదిగా నడిచి వచ్చింది.

అవ్వ మాటలోని భౌతికశాస్త్రం నాకు తరువాత ఒక పాత పరిశోధనలో కనిపించింది. రష్యన్ శాస్త్రజ్ఞుడు ఒబ్రెయిమోవ్ 1930లో మైకా రేకుల మధ్యకు గాజు ముక్కను మేకులా దించి, చీలిక ఎంత దూరం పోయిందో కొలిచి, చీల్చడానికి పట్టే శక్తిని లెక్కకట్టారు. గాలిలో కన్నా శూన్యంలో చీల్చడానికి చాలా ఎక్కువ శక్తి పట్టింది. చీలిక కొసకు గాలి, అందులోని తేమ చేరితే కొత్తగా తెరుచుకున్న ముఖాలు శాంతిస్తాయి, చీలిక సులువవుతుంది. గోడౌనులో పనిచేసిన ఆడవాళ్లకు ఈ సంగతి చేతివాటంగా తెలుసు.

కళాశాల ప్రయోగశాలలో రేకులను పంచ్‌తో చిన్న బిళ్లలుగా కొట్టి ఉక్కు బిళ్లలకు ఎపాక్సీతో అతికించాము. మైక్రోస్కోపు వేదిక మీద అయస్కాంతం ఉంటుంది కాబట్టి ఉక్కు బిళ్ల అవసరం. పంచ్ దెబ్బకు అంచుల దగ్గర పొరలు విచ్చుకుంటాయి, అందువల్ల మధ్య భాగం మాత్రమే పనికొస్తుంది. అసలు చీల్చడం టేపుతో జరుగుతుంది. మామూలు అంటుడు టేపును బిళ్ల మీద ఒత్తి, ఒక పక్క నుంచి వెనక్కి మడుస్తూ లాగితే పైపొర టేపుతో వచ్చేస్తుంది. అప్పుడు చూడవలసింది బిళ్లను కాదు, టేపును. టేపు మీద నిండు గుండ్రని రేకు వచ్చిందంటే బిళ్ల మీద ముఖం చెక్కుచెదరలేదని గుర్తు. రేకు చిరిగి అర్ధచంద్రంగా వచ్చిందంటే మళ్లీ చీల్చాలి. మరీ పలచగా వచ్చిన రేకుల మీద, వానాకాలంలో రోడ్డు మీద ఒలికిన డీజిల్ మీద కనిపించేలాంటి రంగులు కనిపిస్తాయి. రంగు మారిన గీత దగ్గర పొరల సంఖ్య మారిందని అర్థం.

మైక్రోస్కోపు మా దగ్గర లేదు. చెన్నైలోని ఒక ప్రయోగశాలలో సమయం తీసుకుని, తెల్లవారకముందే ఇంట్లో బయలుదేరి రైలులో వెళ్లేదాన్ని. బిళ్లలను చీల్చకుండానే సిలికా జెల్ పెట్టిన డబ్బాలో తీసుకువెళ్లాలి, ఎందుకంటే చీల్చిన మైకా ముఖం ఎంతోసేపు శుభ్రంగా ఉండదు. ముఖం మీద మిగిలిన పొటాషియం అయాన్లు గాలిలోని కార్బన్ డయాక్సైడుతోనూ తేమతోనూ కలిసి పొటాషియం కార్బొనేటు కణాలుగా మారతాయి. ఈశాన్య రుతుపవనాల నెలల్లో మా కోస్తా గాలిలో ఉండే తేమకు ఆ పని ఇంకా త్వరగా జరుగుతుంది. ఆ కణాల ఎత్తు కొన్ని సందర్భాల్లో డీఎన్‌ఏ ఎత్తుకు దగ్గరగానే ఉంటుంది, అందువల్ల వాటిని చూసి మోసపోయే అవకాశం ఉంది. గైడ్ మేడమ్ పెట్టిన మొదటి నియమం కూడా ఇందుకే: ఏ బిళ్ల మీదా ముందు డీఎన్‌ఏ వేయకూడదు, అదే రేకు నుంచి తీసిన ఇంకో బిళ్లను చీల్చి, ఖాళీగా చూసి, ఆ తరువాత బఫరు (డీఎన్‌ఏను కలిపే లవణ ద్రావణం) మాత్రమే వేసి చూసి, అప్పుడు గాని డీఎన్‌ఏ జోలికి పోకూడదు. మైక్రోస్కోపు సమయంలో ఎక్కువ భాగం ఈ ఖాళీ బిళ్లలకే పోయేది. తెర మీద ఏమీ కనిపించకపోవడం కోసం అంత డబ్బు కట్టి కూర్చోవడం మొదట విసుగనిపించినా, ఆ బొమ్మలే తరువాత అన్ని వాదనలకూ ఆధారమయ్యాయి. ఖాళీ ముఖంలోనూ ఒక ఉపయోగం ఉంది. పొరల అంచు మెట్టుగా కనిపించినప్పుడు దాని ఎత్తు ఒకటి, రెండు, మూడు నానోమీటర్లుగానే రావాలి. అలా వస్తే పరికరం ఎత్తును సరిగా చెబుతున్నట్టే. వేరే స్కేలు అక్కరలేదు.

డీఎన్‌ఏగా పీయూసీ19 అనే ప్లాస్మిడ్‌ను, అంటే బాక్టీరియాలో ఉండే చిన్న గుండ్రని డీఎన్‌ఏను, ఎంచుకున్నాము. దానిలో 2686 బేస్ జతలు (డీఎన్‌ఏ నిచ్చెనలో మెట్లలాంటివి) ఉంటాయి, గుండ్రని ఆ పోగును ఎకోఆర్‌ఐ ఎంజైము ఒక్కచోటే కత్తిరించి రెండు కొసలున్న పోగుగా మారుస్తుంది. ఒక్కో జతకు 0.34 నానోమీటర్ల చొప్పున లెక్కవేస్తే పొడవు సుమారు 913 నానోమీటర్లు రావాలి. ఇలా ముందే తెలిసిన పొడవు ఉండటం వల్లే అది మంచి పరీక్ష అవుతుంది. నీటిలో మైకా ముఖం మీది పొటాషియం అయాన్లు వెళ్లిపోయి ముఖం రుణావేశంతో మిగులుతుంది. డీఎన్‌ఏ వెన్నెముకలోని ఫాస్ఫేట్లదీ రుణావేశమే కనుక రెండూ ఒకదానినొకటి నెట్టుకోవాలి. మధ్యలో మెగ్నీషియం లేదా నికెల్ వంటి రెండు ధనావేశాలున్న అయాన్లను పెడితే అవి అటూ ఇటూ పట్టుకుని వంతెనగా నిలుస్తాయి.

సిద్ధాంతం ఇంత స్పష్టంగా ఉన్నా మొదట్లో మాకు స్థానిక మైకా మీదా, తయారీ బిళ్ల మీదా కూడా పోగులు కనిపించలేదు. రెండింటి మీదా కనిపించలేదంటే లోపం మైకాది కాదు. నేను సూదిమొనను, లేజరును, గదిలోని అదురును అనుమానిస్తూ ఉండగా, మా కళాశాల బయోకెమిస్ట్రీ సారు మైక్రోస్కోపు సంగతి అడగకుండా డీఎన్‌ఏ వచ్చిన సీసా మీది లేబుల్ చూపించమన్నారు. అది డీఎన్‌ఏను నిలవ ఉంచడానికి వాడే టీఈ బఫరులో ఉంది. ఆ బఫరులో ఒక మిల్లీమోలారు (ద్రావణ గాఢతకు కొలమానం) చొప్పున ఈడీటీఏ అనే రసాయనం ఉంటుంది. డీఎన్‌ఏను కొరికే ఎంజైములకు మెగ్నీషియం కావాలి కనుక, ఆ లోహాన్ని పట్టి ఉంచి డీఎన్‌ఏను కాపాడటానికే ఈడీటీఏను కలుపుతారు. "నిలవకు అది మేలే మేడమ్, మీ వంతెనకే కీడు" అన్నారాయన. మేము కలిపిన మెగ్నీషియం కూడా ఒక మిల్లీమోలారే. డీఎన్‌ఏ ద్రావణం పలచగా ఉండటం వల్ల చుక్కలో సగానికి పైగా టీఈయే ఉండేది. ఒక్కో ఈడీటీఏ అణువు ఒక్కో మెగ్నీషియం అయానును పట్టేసుకుంటే పోగులను పట్టడానికి మిగిలేది తక్కువ. డీఎన్‌ఏను ఈడీటీఏ లేని బఫరులోకి మార్చి, మెగ్నీషియాన్ని పెంచి, చుక్క వేసి, కొన్ని నిమిషాలు ఆగి, శుద్ధ జలంతో కడిగి, నైట్రోజన్ ఊదుతో ఆరబెట్టిన తరువాత తెర మీద మెలికలు తిరిగిన సన్నని తెల్లని గీతలు కనిపించాయి. ఫిజిక్స్ ప్రయోగశాలలో పెరిగినవాళ్లకు బఫరు అంటే నీళ్ల లాంటిదేనన్న భావం ఉంటుంది. అది అప్పటితో పోయింది.

1986లో బినిగ్, క్వేట్, గెర్బర్ ముందుకు తెచ్చిన ఈ మైక్రోస్కోపు నిజానికి వస్తువును చూడదు, తడుముతుంది. సన్నని సిలికాన్ పట్టీ కొసకు ఉన్న సూదిమొన ముఖం మీద తాకీ తాకనట్టు కంపిస్తూ వరుస వెంట వరుసగా కదులుతుంది. పట్టీ వెనుక నుంచి తిరిగి వచ్చే లేజరు కిరణం కదలికను బట్టి ఎత్తుపల్లాలు తెలుస్తాయి. సెకనుకు ఒక వరుస చొప్పున 512 వరుసల బొమ్మకు ఎనిమిదిన్నర నిమిషాలు పడుతుంది. ఆ సేపట్లో ఎవరైనా తలుపు వేస్తే ఆ వరుసలో చార పడుతుంది. తడిమే చేతి లావు బొమ్మలోకి వచ్చి చేరుతుంది కనుక రెండు నానోమీటర్ల పోగు పది, ఇరవై నానోమీటర్ల వెడల్పుతో కనిపిస్తుంది. ఎత్తు దీనికి వ్యతిరేకం; రెండు ఉండవలసింది తరచు ఒకటి లోపే వస్తుంది. మొన ఒత్తిడి, ఆరిన తరువాత చుట్టూ మిగిలే ఉప్పు పొర దీనికి కారణాలుగా చెబుతారు. ఒకసారి ప్రతి పోగుకూ పక్కనే జంటగా ఇంకో పోగు కనిపించి, గదిలో అందరమూ ముందుకు వంగి చూశాము. ఆ జంటలన్నీ ఒకే దిక్కుకు, ఒకే దూరంలో ఉన్నాయి. మొన చిట్లి రెండు కొనలుగా మారినప్పుడు వచ్చే దెయ్యపు నీడలు అవి. సూదిని మార్చాక పోయాయి.

బొమ్మలు చేతికి వచ్చాక మిగిలింది నెల్లూరులో కూర్చుని కొలవడమే కదా అనుకుంటారు. నిజానికి నాకు అన్నిటికన్నా ఎక్కువ నేర్పిన దశ అదే. ఒక్కో పోగు మీద చుక్కలు పెట్టుకుంటూ పోతే కంప్యూటరు వాటిని కలిపి పొడవు చెబుతుంది. చుక్కలు దూరంగా పెడితే మెలికల దగ్గర గీత అడ్డదారిన పోయి పొడవు తగ్గుతుంది. పోగు కొస ఎక్కడ ముగిసిందన్నది ఇంకో ప్రశ్న. మసకబారిన అంచులో లోపల ఆగాలా, బయట ఆగాలా? ఒకదానిపై ఒకటి పడిన పోగులను వదిలేయాలి సరే, ఒక చోట కాస్త ఒరుసుకున్నదాన్ని ఏం చేయాలి? ఇలాంటి చోట్ల నిర్ణయం కొలిచే మనిషిది. ఆ మనిషికి 913 అన్న సంఖ్య ముందే తెలుసు, బొమ్మ పేరులో అది ఏ మైకాదో కూడా రాసి ఉంది.

మా సైకాలజీ లెక్చరరు గారికి ఈ సంగతి మాటల మధ్యలో చెప్పినప్పుడు ఆమె అడిగిన మొదటి మాట, "ఫైలు పేరు చూశాకే కొలుస్తున్నారా మేడమ్?" అని. రోసెంతాల్, ఫోడ్ 1963లో ప్రచురించిన ప్రయోగం గురించి ఆమె వివరంగా చెప్పారు. విద్యార్థులకు మామూలు ఎలుకలనే ఇచ్చి, కొందరితో ఇవి చురుకైన జాతివని, కొందరితో మందకొడి జాతివని చెప్పారు. చురుకైనవని చెప్పినవారి ఎలుకలే మెరుగ్గా నేర్చుకున్నట్టు ఫలితాలు వచ్చాయి. మా శాస్త్రంలో ఇలాంటిది జరగదని అనడానికి నాకు నోరు రాలేదు, ఎందుకంటే 1903లో ఫ్రాన్స్‌లోని నాన్సీలో బ్లాండ్లో అనే పేరున్న భౌతికశాస్త్రజ్ఞుడు ఎన్-కిరణాలను కనుగొన్నానని ప్రకటించడం, మరుసటి ఏడు అమెరికా నుంచి వచ్చిన రాబర్ట్ వుడ్ చీకటి గదిలో పరికరంలో ఆ కిరణాలను విడదీయవలసిన పట్టకాన్ని చప్పుడు కాకుండా తీసేసినా వాళ్లకు ఆ కిరణాలు కనిపిస్తూనే ఉండటం నేను ఏటా చెప్పే పాఠమే. మసక వెలుతురులో అంచు ఎక్కడుందో కంటితో తేల్చవలసిన పని అది; మా పని కూడా అటువంటిదే.

అప్పటి నుంచి పద్ధతి మార్చాము. ఏ పోగును తీసుకోవాలి, దేనిని వదలాలి, చుక్కల మధ్య దూరం ఎంత, కొసను ఎక్కడ గుర్తించాలి అన్నవి ముందే కాగితం మీద రాసి, మేడమ్ సంతకం తీసుకుని, ఆ తరువాత మార్చకూడదని నిశ్చయించాము. ఈ పనితో సంబంధం లేని ఒక విద్యార్థి ఫైళ్ల పేర్లు తీసేసి అడ్డదిడ్డంగా సంఖ్యలు ఇచ్చాడు, కొన్ని బొమ్మలను తిప్పి, అద్దంలో ప్రతిబింబంలా మార్చి, వేరే సంఖ్యలతో మళ్లీ కలిపాడు. ఏ సంఖ్య ఏ మైకాదో రాసిన కాగితం కవరులో పెట్టి అంటించి మేడమ్ బీరువాలో ఉంచాము. మళ్లీ కలిపిన బొమ్మల వల్ల, ఒకే మనిషి ఒకే పోగును రెండుసార్లు కొలిస్తే ఎంత తేడా వస్తుందో తెలుస్తుంది. నాతో పాటు ఇంకో పరిశోధక విద్యార్థిని వేరే గదిలో అవే బొమ్మలను కొలిచింది.

అయినా పూర్తిగా కళ్లు మూసుకోవడం కుదరలేదు. చేత్తో ఏరిన సైదాపురం రేకుల మీద పొరల మెట్లు కాస్త ఎక్కువగా కనిపించేవి, దాంతో కొంతసేపు చూశాక సంఖ్య ఏదైనా ఇది మనదే అని పోల్చుకోవడం మొదలైంది. ఇది నాతో పాటు కొలిచిన ఆ పరిశోధకురాలే ముందు గమనించింది. మెట్లు లేని భాగాన్ని మాత్రమే కత్తిరించి ఇమ్మని ఆ కుర్రవాణ్ణి అడిగి, అప్పటి దాకా కొలిచినవన్నీ పక్కన పెట్టి, కొత్త సంఖ్యలతో మొదటి నుంచి కొలిచాము. మా ఇద్దరి కొలతల్లో తేడాలు ఎక్కువగా పోగుల కొసల దగ్గరే వచ్చాయి. పొడవులో అవి చిన్న భాగమే.

కవరు తెరిచినప్పుడు రెండు రకాల మైకా మీదా పోగుల సగటు పొడవు మా కొలత పొరపాటు హద్దులలోనే కలిసింది. రెండింటి మీదా అది 913 కన్నా కాస్త తక్కువే. ఆరబెట్టినప్పుడు డీఎన్‌ఏలో కొంత భాగం మామూలు బి-రూపం నుంచి కురుచైన ఎ-రూపంలోకి మారుతుందని తెలిసినదే కాబట్టి ఈ తరుగు ఆశ్చర్యం కాదు, పైగా రెండు చోట్లా ఒకేలా రావడం మాకు అనుకూలమే. పోగులు ఎంత దట్టంగా పడ్డాయన్న విషయంలో మాత్రం నేను గట్టిగా ఏమీ చెప్పను. కడిగే చేతి వేగాన్ని బట్టి అది మారుతుంది, ఆ చేతికి కూడా ఏ బిళ్ల ఏదో తెలుసు. ఈసారి బిళ్లలను అతికించే దశలోనే పేర్లు దాచి పెడుతున్నాము.

ఇనుము సంగతి ఇంకా తేలలేదు. మేము చూసినవి ఒకే గోడౌనులో ఒక అవ్వ ఏరిన రేకులు. మచ్చలున్నవి ఆమె ముందే తీసేసింది, ఇనుము ఎక్కువున్నవి వాటితో పాటే పోయి ఉండవచ్చు. అందుకని రాపూరు వైపు నుంచి ముదురు ఆకుపచ్చ రేకులు తెప్పించి, ఎంత ఇనుము ఉందో రసాయన విశ్లేషణకు ఒక్కో రేకు నుంచి ఒక ముక్క పంపాము. ఆ నివేదిక వచ్చాక, ఆ సంఖ్యలు నా కంట పడకుండా, బిళ్లలు కొట్టడం మొదలుపెడతాము.